సోలార్ పవర్ బ్యాంకు కొంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి



మొన్న మంగళవారం పోచంపల్లి మండలంలోని ఒక రైతు వేదికలో రైతు నేస్తం కార్యక్రమం అయిపోయింది. అందరూ లేచి పోతుంటే ఒక రైతు ఆగి, సంచిలో నుంచి నల్లటి డబ్బా ఒకటి తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు. అరచేయంత ఉంది. పైన చిన్న సోలార్ ప్లేటు, ఒక పక్క టార్చి లైటు, ఇంకో పక్క బెల్టుకు తగిలించుకునే కొక్కెం. "సారూ, పదిహేను వందలు పెట్టి తెచ్చిన. ఎండల పెడితె సాలు, దానంతటదే నిండుతది అన్నడు. మూడు రోజులాయె, ఫోను సగం గూడ ఎక్కలే. ఇది ఖరాబైందా, పెట్టుడు నాకే తెలుస్తలేదా?" అని అడిగాడు.

డబ్బా ఖరాబు కాలేదు. పెట్టడం అతనికి తెలియకా కాదు. ఆ డబ్బా చేయగలిగింది అంతే. అమ్మేవాడు చెప్పిన మాటకూ, ఆ ప్లేటుకు ఉన్న శక్తికీ పొంతన లేదు. ఈ ఏడాదిలో ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మన దగ్గర ఎండకు కొదవ లేదు కాబట్టి సోలార్ అన్న మాట వినగానే నమ్మబుద్ధి అవుతుంది. అందుకే ఈసారి విత్తనాలూ మందులూ పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నాను.

ఫోను చార్జింగుకు ఇంత వ్యాసం అవసరమా అనిపించవచ్చు. అవసరమే. 2025-26 పత్తి సీజనులో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకొని స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు ఉండేది. స్లాట్ దొరకనివాళ్లు బయట ఎంతకు అమ్ముకున్నారో మీకే తెలుసు. పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఓటీపీతో చేయాలన్నా అది ఆధార్‌కు కలిపిన నంబరుకే రావాలి. ఈ యాసంగిలో కొన్నిచోట్ల యూరియా బుకింగు కూడా ఫోనులోకే వచ్చింది. వడ్ల కొనుగోలు కేంద్రంలో కుప్ప దగ్గర నాలుగైదు రాత్రులు పడుకునే రైతుకు, వేరుశనగ చేనులో పందుల కాపలా కాసే రైతుకు, మందతో ఊళ్లు దాటి పోయే గొల్ల కురుమలకు ఫోను ఆరిపోతే ఇంటికి కబురు కూడా ఉండదు. ఒకప్పుడు ఫోను లేకున్నా పంట అమ్ముకునేవాళ్లం. ఇప్పుడు ఓటీపీ వచ్చే సమయానికి ఫోను ఆరిపోయి ఉంటే ఆ నష్టం వేల రూపాయల్లో ఉంటుంది.

తొట్టి పెద్దది, బోరు చిన్నది

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది. అది లోపలి బ్యాటరీ ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె. అంటే తొట్టి సైజు. ఆ తొట్టిని నింపే బోరు పైనున్న సోలార్ ప్లేటు. బోరు ఎన్ని ఇంచులు పోస్తుందో మాత్రం డబ్బా మీద ఎక్కడా రాయరు. రాసినా ఎవరూ చదవలేనంత చిన్న అక్షరాలు. వ్యవహారమంతా అక్కడే ఉంది.

ఈ లెక్క మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలతో కూడా చేయించవచ్చు. స్కేలు తీసుకొని ప్లేటు కొలవండి. ఇలాంటి డబ్బాల మీద ప్లేటు సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే 98 చదరపు సెంటీమీటర్లు. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేల మీద సుమారు 1,000 వాట్ల ఎండ పడుతుంది. చదరపు మీటరు అంటే 10,000 చదరపు సెంటీమీటర్లు కాబట్టి ఈ చిన్న ప్లేటు మీద పడేది 10 వాట్ల లోపే. అందులో ప్లేటు కరెంటుగా మార్చగలిగేది ఆరో వంతో, ఏడో వంతో. అంటే ఒకటిన్నర వాటు. ప్లేటు వేడెక్కడం, బల్లపరుపుగా పెట్టడం, లోపలి సర్క్యూట్ తినేయడం ఇవన్నీ తీసేస్తే నికరంగా మిగిలేది ఒక వాటు దగ్గర.

మన ప్రాంతంలో మబ్బు లేని రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడే ఎండనంతా కలిపితే, మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5 గంటలు పడినదానితో సమానం. ఒక వాటు, 5 గంటలు. రోజుకు 5 వాట్-అవర్లు.

ఇప్పుడు తొట్టి చూద్దాం. లోపలి లిథియం బ్యాటరీ వోల్టేజి 3.7. 20,000ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు. రోజుకు 5 చొప్పున 74 నిండాలంటే 15 రోజులు. అదీ రోజూ మబ్బు లేకుండా ఎండ కాసి, మీరు మధ్యలో ఒక్కసారి కూడా వాడుకోకుండా ఉంటే.

ఫోను సంగతి? ఇప్పటి టచ్ ఫోన్లలో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ సాధారణం. అది 19 వాట్-అవర్లు. డబ్బాలోకి వచ్చిన 5లో ఫోనులోకి ఎక్కేటప్పుడు కొంత వేడిగా పోయి 4 మిగులుతుంది. అంటే రోజంతా ఎండలో పెడితే ఫోనుకు వచ్చేది ఐదో వంతు. వేదికలో అడిగిన రైతుకు మూడు రోజులకు సగం ఎక్కకపోవడంలో వింత లేదు. నా మాటల కంటే ఈ లెక్కే అతనికి నచ్చింది. డబ్బా వెనక్కి తిప్పి చూసి, "అయితే వాడు అబద్ధం జెప్పలే, నిండుతది గని ఎన్నడు నిండుతదో జెప్పలే" అన్నాడు.

నేను చేసి చూసింది

లెక్క ఒకటి, చేను ఒకటి అని మీరు అంటారని తెలుసు. నేనూ ఇలాంటిది ఒకటి కొన్నవాణ్ణే. ఏ కంపెనీదో చెప్పను. అన్నీ దాదాపు ఒక్క తీరే ఉంటాయి. పరీక్ష చాలా సులువు, మీరూ చేయవచ్చు. ముందు డబ్బాను పూర్తిగా ఖాళీ చేయాలి. ఫోను పెడితే ఇక చార్జింగు ఎక్కదు అనేంత వరకు వాడాలి. తర్వాత పొద్దున 9 నుంచి సాయంత్రం 4 వరకు నీడ పడని చోట ఎండలో పెట్టాలి. సాయంత్రం డబ్బా చల్లారాక, 20 శాతం చార్జింగున్న ఫోనును దానికి తగిలించి ఎంత వరకు ఎక్కుతుందో చూడాలి. జనవరిలో మబ్బు లేని రోజున నా ఫోను 20 నుంచి 37 వరకు ఎక్కి ఆగిపోయింది. పై లెక్కకు దగ్గరగానే ఉంది. ఆషాఢంలో ముసురు పట్టిన రోజు చేస్తే నాలుగైదు శాతం కూడా ఎక్కలేదు.

ఇక్కడ ఇంకో మోసం గమనించాను. ఎండలో పెట్టగానే డబ్బా మీద ఒక చిన్న దీపం వెలుగుతుంది. చార్జింగు బాగా ఎక్కుతోందని మనం సంబరపడతాం. నాది ఇంట్లో ట్యూబులైటు కింద పెట్టినా వెలిగింది. ఆ దీపానికి అర్థం ప్లేటు మీద వెలుతురు పడుతోందని మాత్రమే. ఎంత ఎక్కుతోందో అది చెప్పదు. దుకాణంలో టార్చి వేసి దీపం వెలిగించి చూపిస్తే "పని చేస్తోంది" అని కొనేయకండి.

ఎండే దానికి శత్రువు

అసలు తిరకాసు ఇది. ప్లేటుకు ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. ఈ రెంటినీ ఒకే డబ్బాలో అతికించి అమ్ముతున్నారు.

ఫోన్లలో, పవర్ బ్యాంకుల్లో వాడే లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగు చేయకూడదు. నల్లగొండ ప్రాంతంలో మే నెలలో నీడలోనే 44 డిగ్రీలు చూస్తున్నాం. ఎండలో బండ మీద పెట్టిన నల్ల డబ్బా చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. మంచి రకం అయితే వేడి ఎక్కువైందని తనంతట తానే చార్జింగు ఆపేస్తుంది. అంటే ఎండ బాగా ఉన్న నెలలో, ఎండ బాగా ఉన్న గంటల్లో అది పనే చేయదు. నాసిరకం అయితే ఆపదు, ఎక్కుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు ఉబ్బుతుంది. నాది రెండో ఎండాకాలానికి మధ్యలో బొజ్జలా లేచి, మూత పక్కకు విచ్చుకుంది. అదృష్టం కొద్దీ అంటుకోలేదు.

వేడికి ప్లేటు కూడా నీరసపడుతుంది. సోలార్ ప్లేట్ల వాట్లను 25 డిగ్రీల దగ్గర కొలిచి రాస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి నూటికి 0.4 వంతు వరకు తగ్గుతుంది. ప్లేటు 65 డిగ్రీలకు కాలితే నూరు వాట్లు రాసినచోట 84 వస్తాయి. ఎండ ఎంత ముదిరితే కరెంటు అంత ఎక్కువ అన్నది సగమే నిజం. మార్గశిరం నుంచి మాఘం దాకా సోలార్ మనకు బాగానే పనిచేస్తుంది. మబ్బులుండవు, గాలి చల్లగా ఉంటుంది. గాలివానకు లైన్లు తెగి కరెంటు పోయే వానాకాలంలో, అంటే మనకు నిజంగా అవసరమైనప్పుడు, మబ్బు పట్టి ఈ చిన్న ప్లేట్లు దాదాపు పడుకుంటాయి.

సోలార్ అంటేనే నాకు నమ్మకం లేదని అనుకోకండి. 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకం మొదలైంది. గిరిజన రైతుల పోడు భూముల్లో సోలార్ పంపులు పెట్టే పథకం అది. వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇళ్ల కప్పుల మీద ప్లేట్లు పెట్టారు. అవి పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ పనికి తగిన సైజు ప్లేటు పెట్టారు. 5 హెచ్‌పీ మోటారు అంటే సుమారు 3,700 వాట్లు. దానికి కప్పంత ప్లేట్లు కావాలి. ఫోనుకు అంత అక్కర్లేదు గానీ అరచేయంత ప్లేటు మాత్రం చాలదు.

మరి ఏం కొనాలి?

ఇది మీకు కరెంటు ఎక్కడ అందుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందరికీ ఒకటే జవాబు లేదు.

ఇంట్లో కరెంటు ఉండి, పగలు చేనుకు పోయి రాత్రికి ఇంటికి వచ్చేవాళ్లకు సోలార్ అక్కర్లేదు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికే 24 గంటల కరెంటు అన్నారు. లైన్ల మరమ్మతులు, గాలివానలు తీసేస్తే ఊళ్లో ఇంటి కరెంటుకు పెద్ద ఇబ్బంది లేదు. మామూలు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, ప్లేటు లేనిది, మంచిది వెయ్యి రూపాయల లోపే వస్తుంది. రాత్రి గోడ ప్లగ్గుకు పెడితే తెల్లారేసరికి నిండుతుంది. టచ్ ఫోనుకు ఒకటిన్నర సార్లు ఎక్కుతుంది. వడ్ల కుప్ప దగ్గర రెండు మూడు రాత్రులు ఉండాల్సి వస్తే అదే చాలు. 20,000ది అయితే మూడు సార్లు. ఈ విషయం చెబితే కొందరు నిరాశపడతారు, ఏదో కొత్తది చెబుతానని చూస్తారు. కానీ పదిమందిలో ఎనిమిది మందికి నా సలహా ఇదే.

బండి మీద పోయేవాళ్లు బండి బ్యాటరీకి యూఎస్‌బీ పాయింటు పెట్టించుకోవచ్చు, మెకానిక్ పెద్దగా తీసుకోడు. ట్రాక్టరు ఉన్నవాళ్లకు 12 వోల్టుల బ్యాటరీ చేతిలోనే ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే చార్జింగు పెట్టండి, లేకుంటే పొద్దున స్టార్టు కాక తోయాల్సి వస్తుంది.

రాత్రీ పగలూ చెలకలోనే ఉండేవాళ్లకు, కాపలా గుడిసె ఉన్నవాళ్లకు, కరెంటు లేని చోట పది రోజులు గడిపేవాళ్లకు సోలార్ కావాలి. వాళ్లు ప్లేటు వేరు, పవర్ బ్యాంకు వేరు కొనాలి. 20 వాట్ల 12 వోల్టుల ప్లేటు ఒకటి గుడిసె కప్పు మీద దక్షిణం వైపు కొంచెం వాలుగా కట్టండి. 15 నుంచి 20 డిగ్రీల వాలు మన ప్రాంతానికి సరిపోతుంది. దాని నుంచి వైరు కిందికి నీడలోకి తెచ్చి, కార్లలో వాడే యూఎస్‌బీ చార్జరు ద్వారా మామూలు పవర్ బ్యాంకుకు ఇవ్వండి. బ్యాటరీ నీడలో, ప్లేటు ఎండలో. నష్టాలన్నీ పోయినా రోజుకు 60 వాట్-అవర్ల దాకా వస్తాయి. అరచేతి ప్లేటు ఇచ్చే దానికి పన్నెండింతలు. రెండు టచ్ ఫోన్లు నిండి, రాత్రికి చిన్న బల్బు కూడా వెలుగుతుంది. మా సొంతూరి చెలకలో ఇలాంటిదే మూడేళ్లుగా ఉంది. ప్లేటు మీద నెలకోసారి తడి గుడ్డ పెట్టడం తప్ప చేసిందేమీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ ప్లేట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ తగ్గింపు కనిపిస్తోందో లేదో చూసుకోండి.

ఇందులో జాగ్రత్త ఒకటి ఉంది. 12 వోల్టుల ప్లేటు అంటారు గానీ, లోడు లేనప్పుడు దాని నుంచి 21, 22 వోల్టులు వస్తాయి. వైరు కోసి నేరుగా ఫోనుకో పవర్ బ్యాంకుకో కలిపితే ఆ క్షణమే కాలిపోతుంది. మధ్యలో పెట్టే చార్జరు మీద 12-24 వోల్టులు అని రాసి ఉండాలి. 12 మాత్రమే రాసినది వద్దు. ప్లేటుకు నేరుగా ఫోను కాకుండా పవర్ బ్యాంకు తగిలించడం మంచిది. మబ్బు అడ్డం వచ్చి పోయినప్పుడల్లా చార్జింగు ఆగుతుంది, కొన్ని ఫోన్లు మళ్లీ తమంతట తాము అందుకోవు. ప్లేటు మూలన వేపకొమ్మ నీడ పడినా కరెంటు బాగా పడిపోతుందని గుర్తుంచుకోండి. సెల్లులన్నీ ఒక వరుసలో కలిపి ఉంటాయి. కాలువలో ఒకచోట అడ్డం పడితే కింది మడులన్నిటికీ నీళ్లు తగ్గినట్టే.

మందతో నడిచేవాళ్లకు గుడిసె ఉండదు, 20 వాట్ల ప్లేటు మోయడం కష్టం. వాళ్లకు మడత ప్లేట్లు ఉన్నాయి, నాలుగు రేకులు పుస్తకంలా విప్పుకునేవి. నాలుగూ కలిపి నికరంగా నాలుగైదు వాట్లు ఇస్తాయి. మధ్యాహ్నం మంద చెట్టు కింద ఆగినప్పుడు విప్పి ఎండలో పరిచి, బ్యాటరీ భాగాన్ని గుడ్డ కప్పి ఉంచితే రోజుకు ఫోనుకు సగానికి పైగా ఎక్కుతుంది. నడుస్తూ వీపు మీద వేసుకుంటే మాత్రం సూర్యుడు ఒక పక్క, ప్లేటు ఒక పక్క అవుతాయి.

ఇక ఆ చిన్న డబ్బా ఇప్పటికే కొన్నవాళ్లు? పారేయక్కర్లేదు. గోడ ప్లగ్గుకు పెట్టి మామూలు పవర్ బ్యాంకులా వాడుకోండి. ప్లేటును అత్యవసరానికి ఉంచుకోండి. ఇంకో ఉపాయం చెబుతాను. బటన్ల ఫోను బ్యాటరీ 1,000 ఎంఏహెచ్ ఉంటుంది, అంటే 4 వాట్-అవర్ల లోపు. అదే మీ చిన్న ప్లేటు ఒక మంచి రోజులో ఇచ్చేది. ఒకసారి నిండితే బటన్ల ఫోను రెండు మూడు రోజులు వస్తుంది. ఆధార్‌కు కలిపిన సిమ్మును అందులో వేసుకుంటే ఓటీపీ దానికే వస్తుంది. యాప్ ఇంట్లో కొడుకు ఫోనులో తెరిచినా ఫరవాలేదు. పోచంపల్లి దగ్గర ఒక అక్క ఇలాగే చేస్తోంది. పొద్దంతా పత్తి చేనులో, సాయంత్రం మగ్గం దగ్గర. "టచ్ ఫోను పోరగాండ్లకే గావాలె, నాకు ఓటీపీ వస్తే సాలు" అంటుంది.

అన్నట్టు, సిగ్నలు సరిగా లేని చేనులో ఫోను టవరు కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది. అవసరం లేనప్పుడు ఫ్లైట్ మోడులో పెడితే పవర్ బ్యాంకు ఖర్చే తగ్గుతుంది.

మందు కొట్టే బ్యాటరీ పంపు దీంతో నడుస్తుందా అని కూడా అడుగుతున్నారు. నడవదు. దానికి 12 వోల్టులు కావాలి, ఇది ఇచ్చేది 5. సోలార్ ఫెన్సింగ్ మిషనుకు కూడా వేరే బ్యాటరీ, వేరే ప్లేటు ఉంటాయి. ఇక "దీంతో బోరు మోటారే నడుస్తది" అని పెట్టెంత బ్యాటరీలు చూపించేవాళ్లతో మాట్లాడి టైము పాడుచేసుకోకండి.

దుకాణంలో ఏం చూడాలి

డబ్బా మీద పెద్ద అంకె వదిలేసి చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ ఎంత రాశారో చూడండి. నిజాయితీ గల కంపెనీ 20,000 రాసిన చోట కింద 12,000 దగ్గర అంకె రాస్తుంది. ఫోనుకు 5 వోల్టుల దగ్గర నిజంగా అందేది అదే. కింది అంకె లేకపోతే అనుమానించండి.

తర్వాత బరువు. పక్క కిరాణా కొట్టులో త్రాసు ఉంటుంది, పెట్టించండి. నిజమైన 10,000ది 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. 20,000ది 350 నుంచి 450 గ్రాములు. లిథియం బ్యాటరీ ఇంత పట్టుకోవాలంటే ఇంత బరువు ఉండి తీరాలి. జేబులో పట్టే పావుకిలో డబ్బా మీద 50,000 అని రాస్తే అది అచ్చు వేసిన అంకె మాత్రమే. బరువు ఉన్నంత మాత్రాన అసలుదని చెప్పలేం, లోపల ఇసుక నింపేవాళ్లూ ఉన్నారు. బరువు లేకుంటే మాత్రం ఖాయంగా నకిలీ.

మన దేశంలో పవర్ బ్యాంకులకు బీఐఎస్ రిజిస్ట్రేషను తప్పనిసరి. డబ్బా మీద ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలుండే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో కనిపిస్తుంది. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే తిరిగి ఇచ్చేయండి. పెద్ద కంపెనీవి కూడా తప్పులు చేయవని కాదు. 2025 జూన్‌లో అంకర్ అనే పేరున్న కంపెనీ అమెరికాలో ఒక రకం పవర్ బ్యాంకులను మంటల ప్రమాదం ఉందని 11 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. తేడా ఏమిటంటే అలాంటి కంపెనీ వెనక్కి పిలుస్తుంది. పేరు లేని డబ్బా అమ్మినవాడు వచ్చే వారం అంగడిలో కనిపించడు.

బిల్లు అడిగి తీసుకోండి. వంద రూపాయలు తగ్గిస్తాడని బిల్లు వదిలేస్తే మీ చేతిలో ఆధారమే ఉండదు. చెప్పినట్టు పనిచేయకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. పదిహేను వందల కోసం ఎవరు తిరుగుతారు అంటారేమో. ఫోను చేయడానికి తిరిగే పని లేదు కదా.

ఇవి మాత్రం చేయకండి

చాలా చేన్ల దగ్గర నేను కళ్లారా చూసి తిట్టినది ఇది: మోటారు స్టార్టర్ డబ్బా తెరిచి, ఒక ఫేజు నుంచి ఒక వైరు, ఎర్తు నుంచి ఒక వైరు లాగి ఫోను చార్జరు తగిలించడం. తడి నేల, చెప్పులు లేని కాళ్లు. ఎర్తు సరిగా లేకపోతే మోటారు పైపులకూ డబ్బాకూ కరెంటు వస్తుంది. తర్వాత స్టార్టర్ నొక్కడానికి వచ్చేది మీ కొడుకో, పక్క చేను రైతో. సోలార్ డబ్బా మోసం చేస్తే పోయేది డబ్బులు, ఇక్కడ పోయేది మనిషి.

పవర్ బ్యాంకును ట్రాక్టరు బానెట్ మీద, బండి సీటు డిక్కీలో, పత్తి మూట మీద, గడ్డివాము దగ్గర పెట్టి చార్జింగు చేయకండి. రాత్రి దిండు కింద వద్దు. నీళ్లలో పడింది ఆరబెట్టి మళ్లీ వాడకండి. ఉబ్బిన డబ్బాను సూదితో పొడిచి గాలి తీయాలని చూస్తారు కొందరు, అది బాంబును పొడిచినట్టే. లోపలిది గాలి కాదు, అంటుకునే వాయువు. చెత్తకుప్పలో, పొయ్యిలో కూడా వేయకండి. పొడి మట్టో ఇసుకో ఉన్న పాత కుండలో పెట్టి, ఇంటికి దూరంగా నీడలో ఉంచి, పట్నం పోయినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

వచ్చే మంగళవారం వేదికకు వచ్చేటప్పుడు మీ దగ్గరున్న డబ్బాలు తెండి. స్కేలూ త్రాసూ నేను తెస్తాను.